పాట మరిచిన ఇల్లు
వెండితెర వెనుక – 17వ భాగం

గత వారం ‘క్లియోపాత్రా’ దగ్గర ఆగాం. నాలుగు కోట్ల డాలర్లకు పైగా మింగేసిన ఆ సినిమా దెబ్బకు ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ స్టూడియో 1962లో దాదాపు తాళం వేసుకునే స్థితికి వచ్చింది. స్టూడియో పాత పెద్ద డారిల్ జానక్ తిరిగొచ్చి పగ్గాలు పట్టుకున్నాడు. సినిమాలు తీసే బాధ్యత కొడుకు రిచర్డ్‌కి అప్పగించాడు. ఇంట్లో తినడానికేం లేనప్పుడు అటక మీద డబ్బాలన్నీ దించి చూసుకుంటాం కదా, తండ్రీకొడుకులు చేసిందీ అదే. అలా చూస్తే ఒక నాటకం హక్కులు బయటపడ్డాయి. 1960లో 12.5 లక్షల డాలర్లు పోసి కొన్నవి. పేరు ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’.

నాటకం న్యూయార్క్ బ్రాడ్‌వేలో బ్రహ్మాండంగా ఆడుతున్న మాట నిజమే. 1959 నవంబరు 16న మొదలై 1,443 ప్రదర్శనలు నడిచింది. సంగీతం రిచర్డ్ రాడ్జర్స్, పాటల రచన ఆస్కార్ హామర్‌స్టీన్. అప్పటికి పదహారేళ్లుగా అమెరికన్ సంగీత నాటకాన్ని ఏలుతున్న జంట అది. అయినా సినిమా రంగంలో పెద్దవాళ్లకు ఈ కథ అంటే చిన్నచూపు. సన్యాసినులు, ఏడుగురు పిల్లలు, కొండలు, మేకల పాట. మరీ పంచదార పాకం! స్క్రీన్‌ప్లే రాయడానికి ఎర్నెస్ట్ లేమన్ ఒప్పుకున్నాడని తెలిసి నటుడు బర్ట్ లాంకాస్టర్ అతన్ని జాలిగా చూసి, డబ్బుకి అంత ఇబ్బందిగా ఉందా అన్నాడట. స్వస్తిక గుర్తు కనబడే సంగీత చిత్రం ఆడదని దర్శకుడు బిల్లీ వైల్డర్ జోస్యం చెప్పాడు. దర్శకుడిగా మొదట వచ్చిన విలియం వైలర్ సాల్జ్‌బర్గ్ దాకా వెళ్లి లొకేషన్లు చూశాడు గాని మనసు కుదరలేదు, మధ్యలోనే తప్పుకున్నాడు. రాబర్ట్ వైజ్ ముందు వద్దనే అన్నాడు. తను తీయాలనుకున్న ‘ది శాండ్ పెబుల్స్’ వాయిదా పడి చేతులు ఖాళీ అయ్యాకే ఒప్పుకున్నాడు.

ఈ చిత్రం గురించి నాకు ముఖ్యంగా తోచే సంగతి ఇదే. తీపి ఎక్కువని లోకమంతా వెక్కిరించిన ఈ సినిమాని తీసినవాళ్లకే తీపి అంటే భయం. అరవై ఏళ్లు గడిచినా ఇది పాచిపోకపోవడానికి ఆ భయం చాలావరకు కారణమని నా నమ్మకం.

ముందు అసలు కథ చెప్పుకుందాం.

మరియా అగస్టా కుట్‌షెరా 1905 జనవరిలో వియన్నాకి వెళ్తున్న రైల్లో పుట్టింది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. సాల్జ్‌బర్గ్‌లోని నోన్‌బెర్గ్ మఠంలో సన్యాసం పుచ్చుకోవాలని చేరింది. 1926లో మఠంవాళ్లు ఆమెను ఊరి శివారున ఒక పెద్దింటికి పంపారు. ఏడుగురు పిల్లల ఆలనాపాలనా చూడడానికి కాదు, స్కార్లెట్ జ్వరం వచ్చి బడికి వెళ్లలేకపోతున్న ఒకే ఒక్క పిల్లకు చదువు చెప్పడానికి. ఆ ఇంటాయన గెయోర్గ్ ఫాన్ ట్రాప్. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా–హంగరీ నౌకాదళంలో జలాంతర్గామి కెప్టెన్‌గా పేరు మోసినవాడు. యుద్ధంలో ఓడిన ఆస్ట్రియాకి సముద్రతీరమే లేకుండా పోయింది. సముద్రం లేని దేశంలో నౌకాదళ అధికారి! భార్య అగాథే వైట్‌హెడ్ 1922లో చనిపోయింది. ఆమె తాత టార్పీడో కనిపెట్టిన రాబర్ట్ వైట్‌హెడ్.

మరియా, గెయోర్గ్‌ల పెళ్లి 1927 నవంబరులో అయింది. అప్పటికి ఆయన్ని ప్రేమించి కాదు, పిల్లల మీద ప్రేమతో చేసుకున్నానని ఆమే తన పుస్తకంలో రాసుకుంది. ఇద్దరికీ పాతికేళ్ల తేడా. తర్వాత ఇంకో ముగ్గురు పిల్లలు కలిగారు. 1935లో డబ్బు దాచుకున్న బ్యాంకు మునిగిపోవడంతో కుటుంబం రోడ్డున పడినంత పనైంది. అప్పటిదాకా సరదాకి పాడుకున్న పాట అక్కడి నుంచి బతుకుతెరువైంది. సినిమాలో అసలు కనబడని ఫాదర్ ఫ్రాంజ్ వాస్నర్ అనే మతాచార్యుడు వాళ్లను కూర్చోబెట్టి, నిజమైన బృందగానం నేర్పి, సంగీత దర్శకుడిగా వెంట నడిచాడు.

1938 మార్చి 12న హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టింది. జర్మన్ నౌకాదళంలో పదవి ఇస్తామంటే గెయోర్గ్ వద్దన్నాడు. హిట్లర్ పుట్టినరోజున పాడమంటే కుటుంబమంతా వద్దంది. ఇక ఉండడం కుదరదని బయల్దేరారు. చీకట్లో కొండలెక్కి కాదు. పట్టపగలు రైలెక్కి ఇటలీకి వెళ్లిపోయారు. గెయోర్గ్ పుట్టిన జారా పట్టణం యుద్ధం తర్వాత ఇటలీ చేతికి వెళ్లడంతో ఆయనకు ఇటలీ పౌరసత్వం ఉంది. ఆ కాగితమే కాపాడింది. వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లోకి తర్వాత నాజీ నాయకుడు హిమ్లర్ దిగాడు. ఇక సినిమా చివర్లో చూపించినట్టు సాల్జ్‌బర్గ్ దగ్గరి కొండ ఎక్కి అవతలికి దిగితే వచ్చేది స్విట్జర్లాండ్ కాదు, జర్మనీ. హిట్లర్ కొండ మీది విడిది ఉన్న ప్రాంతం అక్కడికి దగ్గరే. ట్రాప్ కుటుంబం ఈ సన్నివేశం చూసి నవ్వుకుందంటే నవ్వుకోదూ మరి!

అమెరికా చేరి ఊరూరా కచేరీలు చేశారు. 1942లో వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో దగ్గర ఒక పొలం కొనుక్కున్నారు. గెయోర్గ్ 1947లో పోయాడు. మరియా 1949లో ఆత్మకథ రాసింది. జర్మన్ నిర్మాతలు ఆ కథ హక్కుల్ని 9,000 డాలర్లకు ఒకేసారి కొనేసుకున్నారు. 1956లో ఒకటి, 1958లో ఇంకొకటి, రెండు సినిమాలు తీశారు. ఆ సినిమాల నుంచే బ్రాడ్‌వే నాటకం పుట్టింది, నాటకం నుంచి హాలీవుడ్ చిత్రం. ఇంటి కథ అమ్ముకున్న మనిషి ఆ చిత్రంలో ఒకచోట కనబడుతుంది కూడా. మరియాగా వేసిన జూలీ ఆండ్రూస్ మఠం వదిలి ధైర్యం చెప్పుకుంటూ నడిచే పాటలో, వెనక కమాను కింద దాటిపోయే ఆడవాళ్లలో ఒకరు అసలు మరియా.

చిత్రం చెప్పిన అబద్ధాల్లో కొండ దాటడం నాకు చిన్నదనిపిస్తుంది. పెద్ద అబద్ధం ఇంటి గురించి. మరియా రాకముందు ఆ ఇంట్లో పాటే లేదంటుంది సినిమా. నిజానికి గెయోర్గ్ వయొలిన్, గిటారు వాయించేవాడు, పిల్లలకు పాట ముందే తెలుసు. ఈల ఊది పిల్లల్ని పిలిచిన మాట నిజమే గాని, ఆవరణ పెద్దది కాబట్టి వినబడడానికి. తండ్రి మెత్తని మనిషి, కోపమంతా మరియాదే అని పిల్లలు పెద్దయ్యాక పదేపదే చెప్పారు. తెర మీద తండ్రిని చూసి వాళ్లు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం న్యాయమే.

అయితే సినిమా బలమంతా ఆ అబద్ధం మీదే నిలబడింది. ఒక్క సన్నివేశం దగ్గరగా చూద్దాం.

కెప్టెన్ వియన్నా నుంచి కాబోయే భార్యను వెంటబెట్టుకుని వస్తాడు. పిల్లలు కిటికీ తెరల గుడ్డతో కుట్టిన బట్టలు వేసుకుని, పడవ బోల్తాపడి, తడిసి ముద్దై ఎదురొస్తారు. మరియాకీ అతనికీ మాటా మాటా పెరుగుతుంది. పిల్లల గురించి ఒక్కొక్కరి పేరూ పెట్టి ఆమె చెబుతుంటే అతను నోరు మూయమంటాడు. ఆమె మూయదు. మూటాముల్లె సర్దుకో అంటాడు. సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి పాట వినబడుతుంది. ఎవరది పాడేది అంటే, మీ పిల్లలే అంటుంది. అతను లోపలికి వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోతాడు. కెప్టెన్‌గా వేసిన క్రిస్టఫర్ ప్లమ్మర్ ఇక్కడ చేసిందల్లా నిలబడడమే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా నిలబడతాడు. తర్వాత పెదవి కదులుతుంది. పాట అందుకుంటాడు. పిల్లలు బిత్తరపోయి ఆగిపోతారు. తండ్రి గొంతు పాటలో ఎలా ఉంటుందో ఆ చిన్నవాళ్లకు గుర్తే లేదు. పాట అయ్యాక ఎవరూ ఒక్క క్షణం కదలరు. అతనికి దగ్గరికి తీసుకోవడం కూడా చేతకానట్టు ఉంటుంది, పిల్లలే వచ్చి చుట్టుకుంటారు.

తల్లి చనిపోయిన ఇంటిని మనం అందరం ఎరుగుదుం. రేడియో కూడా పెట్టరు. ఏడాది దాకా పండగ చేయరు. కొన్ని ఇళ్లలో ఆ ఏడాది ఎప్పటికీ పూర్తి కాదు. సికింద్రాబాద్‌లో చూసినా సియోల్‌లో చూసినా ఈ సన్నివేశం అర్థం కావడానికి ఆస్ట్రియా చరిత్ర అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఆ గొంతు ప్లమ్మర్‌ది కాదు. బిల్ లీ అనే గాయకుడిది. మనకిది వింతేమీ కాదనుకోండి, ఘంటసాల గొంతుతో ఎంతమంది హీరోలు పాడలేదు! హాలీవుడ్‌లో మాత్రం పోస్టరు మీద పేరు లేకుండా గుట్టుగా కానిచ్చేవారు. పాడేది తనే అనుకుని రిహార్సల్స్ చేసిన ప్లమ్మర్‌కి అది మింగుడుపడలేదు.

అసలు ప్లమ్మర్‌కి ఈ సినిమాయే మింగుడుపడలేదు. షేక్‌స్పియర్ నాటకాల నుంచి వచ్చినవాడు. మ్యూజిక్ అనే మాటను మార్చి ‘ది సౌండ్ ఆఫ్ మ్యూకస్’ అని, అంటే చీమిడి చప్పుడని, సినిమాకి ముద్దుపేరు పెట్టాడు. కెప్టెన్ పాత్ర అట్టబొమ్మలా ఉందని లేమన్‌తో కూర్చుని తిరగరాయించుకున్నాడు. ఆ పాత్రకు వెటకారం, చిరాకు, ఎదుటివాళ్ల మాట తుంచేసే పద్ధతి అలా వచ్చాయి. సాల్జ్‌బర్గ్‌లో సాయంత్రం అయ్యేసరికి బ్రిస్టల్ హోటల్ బార్‌లో పియానో ముందు తేలేవాడు. తాగి తాగి లావెక్కితే దుస్తులు వదులు చేయాల్సొచ్చింది. ఈ సినిమా అంటే తనకు పడదన్న సంగతి అతను తెర మీద దాచలేదు, అదే కలిసొచ్చింది. అందరూ మురిసిపోతున్న చోట ఒక్కడు మొహం చిట్లించుకుని కూర్చుంటే మన చూపు అతని వైపే వెళుతుంది.

లేమన్, వైజ్ కలిసి చేసిన మరమ్మతు ఇంతకంటే లోతైనది. వైజ్ ఒకప్పుడు ‘సిటిజన్ కేన్’ ఎడిటర్. కత్తెర విలువ తెలిసినవాడు. నాటకంలో మఠాధిపతి ముందు మరియా పాడే ‘మై ఫేవరిట్ థింగ్స్’ని లేమన్ ఉరుముల రాత్రికి, భయపడి మంచమెక్కిన పిల్లల మధ్యకి మార్చాడు. పెద్దవాళ్ల లౌక్యం గురించిన రెండు పాటల్ని ఎత్తేశాడు. నాటకంలో ఒకే గదిలో కూర్చుని పాడే ‘డో-రే-మీ’ని వైజ్ ఊరంతా తిప్పాడు. కొండ మీద మొదలై, వంతెన మీదుగా, గుర్రపు బండిలో, సైకిళ్ల మీద, మిరాబెల్ తోట మెట్ల మీద ముగుస్తుంది. ఒక్క పాటలో కొన్ని వారాలు గడిచిపోతాయి, పిల్లలు ఆ వ్యవధిలో మారిపోతారు. పాట ఆపి కథ చెప్పడం, కథ ఆపి పాట పెట్టడం అనే పాత పద్ధతికి ఇది భిన్నం. పాట సాగుతుండగానే కథ ముందుకెళ్లింది. గుల్జార్ 1972లో తీసిన ‘పరిచయ్’లో పిల్లలకు పాఠం చెప్పడానికొచ్చిన మాస్టారు జితేంద్ర సరిగమలతో పాడించే పాట వెనక ఈ చిత్రం నీడ కనబడుతుంది. అక్కడ ‘డో’, ఇక్కడ ‘స’. పిల్లల చేతికి స్వరం అనే తాళంచెవి ఇస్తే ఇల్లు తెరుచుకుంటుందన్నది రెండింటికీ ఉమ్మడి.

హామర్‌స్టీన్ అప్పటికే లేడు. నాటకం మొదలైన తొమ్మిది నెలలకు, 1960 ఆగస్టులో, కడుపు క్యాన్సర్‌తో చనిపోయాడు. ‘ఎడెల్వైస్’ అతని కలం నుంచి వచ్చిన చివరి పాట. అది ఆస్ట్రియా జానపద గీతమని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. సినిమాకి కావలసిన రెండు కొత్త పాటలకు రాడ్జర్స్ సంగీతంతో పాటు మాటలూ తనే రాసుకున్నాడు.

ఆ రెండింటిలో ఒకటి ‘సమ్‌థింగ్ గుడ్’. మరియా, కెప్టెన్ తోటలో గాజు మంటపంలో మొదటిసారి మనసు విప్పుకునే ఘట్టం. చూస్తే ఇద్దరూ నీలి చీకట్లో నీడల్లా ఉంటారు, మొహాలు సరిగ్గా కనబడవు. ఎంత సున్నితంగా తీశాడని నేను చాలాకాలం మెచ్చుకున్నాను. అసలు సంగతి వేరు. సెట్ మీద వెలుగు కోసం పెట్టిన కార్బన్ ఆర్క్ దీపాలు వేడెక్కి రకరకాల చప్పుళ్లు చేసేవి. ముక్కూ ముక్కూ ఆనుకునేంత దగ్గరగా నిలబడి, నిన్ను ప్రేమిస్తున్నానని ఒకరు అనబోయేసరికి పైనుంచి అసభ్యమైన శబ్దం! జూలీ ఆండ్రూస్‌కి నవ్వు ఆగేది కాదు. ఆమెను చూసి ప్లమ్మర్‌కి. ఎన్నిసార్లు తీసినా అంతే. విసిగిపోయిన వైజ్ దీపాలు తగ్గించేయమన్నాడు, నవ్వితే తెలియకుండా మొహాలు చీకట్లో పెట్టి తీసేశాడు.

సాల్జ్‌బర్గ్ షూటింగ్ 1964 ఏప్రిల్ 23 నుంచి జులై మొదటి రోజుల దాకా సాగింది. వానలు. షూటింగు అనుకున్నదానికంటే వారాలకు వారాలు ఎక్కువ ఈడ్చింది. సినిమా మొదట్లో కొండ మీద చేతులు చాపి గిర్రున తిరిగే షాట్ తీసిన మైదానం జర్మనీ సరిహద్దు లోపల ఉంది. అక్కడికి కార్లు వెళ్లవు. జూలీ ఆండ్రూస్ చలికి కోటు కప్పుకుని ఎద్దుల బండిలో ఎక్కింది. హెలికాప్టర్ ఎదురుగా వచ్చి ఆమెను తెరకెక్కించి పక్కనుంచి మళ్లుకునేది. మళ్లినప్పుడల్లా దాని గాలి విసురుకి ఆమె గడ్డిలో బోర్లా పడేది. కొంచెం దూరంగా తిప్పమని చెయ్యి ఊపితే, పైలట్ దాన్ని మెచ్చుకోలనుకుని, ఇంకోసారి అన్నట్టు బొటనవేలు చూపించేవాడు. ఆ ఆనందమంతా లేచి, మట్టి దులుపుకుని, మళ్లీ మళ్లీ నటించింది.

రెసిడెంజ్‌ప్లాట్జ్ కూడలిలో నాజీ జెండా వేలాడే షాట్‌కి నగర అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆనాటి సంగతులు ఎందుకు తవ్వడం అని. అయితే 1938లో తీసిన అసలు న్యూస్‌రీల్ వాడుకుంటాం అన్నారు చిత్రబృందం వాళ్లు. అందులో చేతులెత్తి హిట్లర్‌కి స్వాగతం చెబుతున్న ఊరి జనం కనబడతారు. అధికారులు వెంటనే జెండాకి అనుమతిచ్చారు. అదే కూడలిలో 1938 ఏప్రిల్ 30న పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టిన సంగతి ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

చిత్రం 1965 మార్చి 2న న్యూయార్క్ రివోలీ థియేటర్లో విడుదలైంది. సరిగ్గా అదే రోజు అమెరికా విమానాలు ఉత్తర వియత్నాం మీద ‘రోలింగ్ థండర్’ బాంబింగ్ మొదలుపెట్టాయి. విమర్శకులు ఉతికారేశారు. మెకాల్స్ పత్రికలో పౌలీన్ కేల్ ఇది పంచదార పూత పూసిన అబద్ధమన్న ధోరణిలో రాసింది, కొన్నాళ్లకు ఆ పత్రికతో ఆమె బంధమూ తెగింది. జనం మాత్రం చూసినవాళ్లే మళ్లీ చూశారు. 82 లక్షల డాలర్లతో తీసిన సినిమా రెండేళ్లు తిరక్కుండానే ‘గాన్ విత్ ద విండ్’ వసూళ్ల రికార్డు దాటేసింది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా 5 ఆస్కార్లు వచ్చాయి. జూలీ ఆండ్రూస్‌కి రాలేదు, ఆ ఏడు ఉత్తమ నటి జూలీ క్రిస్టీ.

ప్రపంచమంతా ఆడిన సినిమా జర్మనీలో, ఆస్ట్రియాలో ఆడలేదు. మ్యూనిక్‌లో ఫాక్స్ తరఫు మేనేజర్ ఒకాయన, మనవాళ్లకు నాజీల గొడవెందుకని, పెళ్లి తర్వాత భాగమంతా కత్తిరించి ప్రదర్శించాడు. విషయం తెలిసిన స్టూడియో తీసేసిన భాగాన్ని మళ్లీ కలిపించింది, అతని ఉద్యోగం తీసేసింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధి చివర వీడియో షాపులో అద్దెకు దొరికే క్యాసెట్‌లో కూడా ఈ సినిమా పెళ్లి దాకానే ఉండేది. రాజకీయమేం లేదు, టేపు అక్కడికి అయిపోయేది. చర్చి గంటలు మోగగానే మా అమ్మమ్మ తృప్తిగా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. పెళ్లయిపోయాక ఇంకేముంటుంది, ‘శుభం’ కార్డు పడాలి కదా! ఆ తర్వాత అరగంటకు పైగా సినిమా ఉందని నాకు కాలేజీలో తెలిసింది.

ఆ అరగంటలోనే కెప్టెన్ రెండోసారి గొంతు పోగొట్టుకుంటాడు. కొండను తొలిచి కట్టిన సాల్జ్‌బర్గ్ రంగస్థలం మీద, ముందు వరసలో నాజీ అధికారులు కూర్చుని ఉండగా, గిటారు పట్టుకుని ‘ఎడెల్వైస్’ పాడతాడు. పాట సగంలో గొంతు పూడుకుపోతుంది. మరియా అందుకుంటుంది, పిల్లలు అందుకుంటారు, తర్వాత సభంతా అందుకుంటుంది. గుమ్మం దగ్గర పాట దొరికిన మనిషి ఇక్కడ పాటతోనే దేశాన్ని వదులుకుంటున్నాడు. మొదటి సన్నివేశం లేకపోతే ఇది ఉపన్యాసం అయ్యేది. ఇది లేకపోతే మొదటిది మా అమ్మమ్మ చూసిన కుటుంబ కథా చిత్రంగా మిగిలేది.

ఆస్ట్రియావాళ్లు ఈ సినిమాని ఎందుకు చూడలేదన్నదానికి వాళ్లు చెప్పే కారణాలు సబబైనవే. 1956 జర్మన్ సినిమా అప్పటికే చూసేశారు, పాటలు తమవి కావు, బట్టలూ కొండలూ పొరపాట్లే. నాకు మాత్రం ఇంకోటి కూడా తోస్తుంది. యుద్ధం తర్వాత ఆస్ట్రియా తనను తాను హిట్లర్ తొలి బాధితురాలిగా చెప్పుకుంది. ఈ సినిమా ఆ మాటకు వత్తాసే పలికింది: సభలో అందరూ కెప్టెన్‌తో గొంతు కలిపారు కదా. కానీ హర్షధ్వానాలు చేసిన తరం ఇంకా బతికే ఉన్న ఊళ్లో, అలా గొంతు కలిపిన సభను చూస్తూ కూర్చోవడం సుఖంగా ఉండదు. ఆ రోజుల్లో తమవాళ్ల పాత్ర ఉందని ఆస్ట్రియా ప్రభుత్వాధినేత పార్లమెంటులో ఒప్పుకున్నది 1991లో. ఈ నాటకం సాల్జ్‌బర్గ్ లాండెస్‌థియేటర్‌లో మొదటిసారి ఆడింది 2011లో. ఈలోపు లక్షల మంది పర్యాటకులు ఆ ఊరికి వచ్చి, గాజు మంటపం ముందు ఫొటోలు దిగి, ఇంట్లోవాళ్లకే తెలియని పాటలు పాడుకుంటూ వెళ్లారు.

ఫాక్స్ మాత్రం బతికిపోయింది. బతికినవాడు ఊరుకోడు కదా, అదే వంట మళ్లీ వండబోయింది. 1967లో ‘డాక్టర్ డూలిటిల్’, 1969లో ‘హలో, డాలీ!’. కోట్లకు కోట్లు పోసిన సెట్లు, తిరిగిరాని పెట్టుబడి. వాటి మధ్య 1968లో ‘స్టార్!’ వచ్చింది. అదే దర్శకుడు వైజ్, అదే నాయిక జూలీ ఆండ్రూస్, నిర్మాణంలోనూ పాత మనిషి సాల్ చాప్లిన్. ఆడలేదు. వెనక్కి తెప్పించుకుని, పొడవు తగ్గించి, ‘దోజ్ వర్ ద హ్యాపీ టైమ్స్’ అని కొత్త పేరు పెట్టి 1969లో మళ్లీ వదిలారు. అప్పుడూ ఎవరూ రాలేదు.

(వచ్చే వారం: జంతువులతో మాట్లాడిన డాక్టరు, మూతపడ్డ బడ్జెట్ పుస్తకం)